పొద్దున్నించీ లేరండి

ఫోను మోగేసరికి తాళాలమ్మ చేతిలో ఇస్త్రీపెట్టె ఉంది, పొయ్యి మీద కుక్కరు ఉంది, బల్ల మీద పక్కవీధి డాక్టరమ్మగారి తెల్లకోటు ఉంది. ఇంట్లో లేనిదల్లా ఆయనొక్కడే.

తాళాలమ్మ ఆవిడ అసలు పేరేం కాదు. వాళ్ళాయనకి వీధి మలుపులో తాళాల కొట్టుంది. ఆయన్ని అందరూ తాళాలాయన అంటారు, అందుకని ఈవిడ తాళాలమ్మ అయింది. పెళ్ళయి ముప్ఫై ఏళ్ళు దాటాక ఇప్పుడెవరైనా అసలు పేరు పెట్టి పిలిస్తే ఆవిడ వెనక్కి తిరిగి చూస్తుందో లేదో కూడా అనుమానమే.

ఆయన రెండు కళ్ళకీ మూడేళ్ళ కిందట పొర కమ్మింది. మందులతో పోయే పొర కాదు, ఇంకొకరి కంటి పొర తెచ్చి వేస్తే తప్ప లాభం లేదని పేరు జాబితాలో రాసుకున్నారు. తాళం తీయడానికి ఆయనకి కళ్ళక్కర్లేదు. చెవీ, రెండు వేళ్ళూ చాలు. తాళంచెవి కోయడానికి మాత్రం కళ్ళు కావాలి. గాట్లు కనపడక మూడు చెవులు పాడుచేశాక ఆ పని మానేశాడు. ఆ రోజు ఎవరింట్లోనో తలుపు బిగుసుకుపోతే వెళ్ళాడు. తెర కనపడని ఫోను జేబులో ఉంటేనేం, ఇంట్లో ఉంటేనేం అని దాన్ని ఆవిడ దగ్గరే వదిలేసి వెళ్తాడెప్పుడూ.

ఫోన్లో ఆడగొంతు తియ్యగా, తీరుబడిగా మాట్లాడింది. నేత్ర జాబితా కార్యాలయం నుంచట. ఇంటిపేరుతో సహా ఆయన పూర్తి పేరు చదివి, “వారు ఉన్నారా?” అని అడిగింది.

“లేరండి,” అంది తాళాలమ్మ, ఫోనుని భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని.

“వారు లేరని చెప్పారు. సరైనదేనా?”

“అవునండి, లేరు.”

“ఎప్పటి నుంచి లేరు?”

“పొద్దున్నించీ లేరండి.” అంతలో కుక్కరు కూతపెట్టింది. “మధ్యాహ్నం భోజనానికి వస్తారు, అప్పుడు చెయ్యండి.”

ఆ చివరి మాట చెప్పేసరికే అవతల ధన్యవాదాలు చెప్పి పెట్టేశారు. ఆవిడ కోటు తిప్పి రెండో చెయ్యి ఇస్త్రీ చేసుకుంది. కన్ను దొరికిందన్న మాటే ఎత్తలేదు గనక ఏదో సర్వే అనుకుంది.

లేరు అనే మాటతో మనవాళ్ళు రెండు పనులు చేయించుకుంటారు. కూరగాయల కోసం బజారుకెళ్ళినవాళ్ళూ లేరే, మళ్ళీ రానిచోటికి వెళ్ళినవాళ్ళూ లేరే. పోయారు అనడానికి నోరు రాక, లేరు అంటాం. వినేవాడు మనిషైతే గొంతు పట్టి పోల్చుకుంటాడు. మొగుడు పోయినావిడ కుక్కరు కూతల మధ్య పొద్దున్నించీ లేరండి అనదు. కానీ ఆ తియ్యటి గొంతు మనిషిది కాదు. దానికి రెండు గడులే ఉన్నాయి, ఉన్నారు ఒకటి, లేరు ఒకటి.

అలాగని ఆ మిషన్ని ఆడిపోసుకోవడం కూడా న్యాయం కాదు. అంతకుముందు ఆ ఫోన్లు గుమాస్తాలే చేసేవారు. వాళ్ళు చేసిన కాలంలో ముప్ఫయ్యో నంబరువాడు ఉన్నట్టుండి రెండో నంబరయ్యేవాడు, రెండో నంబరువాడికి ఫోనే వచ్చేది కాదు. జనం గగ్గోలు పెడితే చట్టం చేశారు. జాబితాలో మనిషి చెయ్యి పడకూడదు. కన్ను దొరికితే మిషనే పిలవాలి, ఎవరు ఎందుకు ముందుకు జరిగారో కారణం కూడా చెప్పాలి. ఆ చట్టం వచ్చాకే తాళాలాయన అరవై నుంచి రెండుకి వచ్చాడు. వార్త విన్న రోజు మొగుడూ పెళ్ళాం ఇద్దరూ, ఇన్నాళ్ళకి మనలాంటివాళ్ళకి దిక్కొచ్చిందని సంబరపడ్డారు.

సాయంత్రం నాలుగింటికి ఆయన టీ తాగుతుండగా ఫోను టింగుమంది.

“ఏంటో చూడు,” అన్నాడు.

ఆవిడ చూసింది. ఆయన పూర్తి పేరుంది. వారి మరణానికి ప్రగాఢ సానుభూతి తెలియజేస్తున్నామనీ, పేరు జాబితా నుంచి తొలగించడమైనదనీ, ఈ సందేశానికి జవాబివ్వనక్కర్లేదనీ ఉంది. ఆవిడ తలెత్తింది. ఎదురుగా పోయినాయన టీలో పంచదార తక్కువైందని గొణుగుతున్నాడు.

“ఏంటట?”

“ఏదో పరుపుల ప్రకటనండీ. సగం ధరకిస్తారట.”

“మనకెందుకే, ఉన్న పరుపుకే నడుం నొప్పి,” అన్నాడాయన.

మూడేళ్ళుగా ఆయనకొచ్చిన ప్రతి కాగితం ఆవిడే చదివి వినిపిస్తోంది. మందుల చీటీ, కరెంటు బిల్లు, దూరపు చుట్టం రాసిన తిట్ల ఉత్తరం, దేన్నీ దాచలేదు, దేన్నీ తగ్గించలేదు. ఆ రోజే మొదటిసారి అబద్ధం చదివింది. చదివాక గానీ అది ఎంత సుళువో తెలిసి భయపడింది. ఆయనకి తెలిసేలోపు తానే వెళ్ళి సరిచేయించుకు రావాలనుకుంది.

మర్నాడు పొద్దున ఇస్త్రీ బట్టలు ఇచ్చొస్తానని చెప్పి కంటి ఆసుపత్రికి వెళ్ళింది. జాబితా ఆఫీసు కింది అంతస్తులోనే ఉంది. చీటీ తీసుకుని బెంచీ మీద కూర్చుంటే, పక్కన ఆసుపత్రి నీలం గౌనులో ఒకావిడ కాగితాన్ని ముక్కుకి ఆనించి చూస్తోంది.

“అక్కగారూ, ముద్ర వేయించుకు రమ్మన్నారు. చివరి లైను కాస్త చదివి పెడతారా, సంతకం ఎక్కడో కనపడట్లేదు.”

తాళాలమ్మ చదివింది. కుడి కన్ను, ఈ రోజు సాయంత్రం నాలుగు గంటలకి ఆపరేషన్. ఆవిడ వేలు పట్టుకుని సంతకం చోటు చూపించింది.

ఆవిడ ఏదో హాస్టల్లో వంట చేసేదట. చూపు తగ్గాక గిన్నెలు తోమడానికి మార్చారట. ఒకరు పలకరిస్తే చాలు, మనసులో ఉన్నదంతా బయట పెట్టేసే రకం.

“నాది మూడో నంబరండీ. ఇంకా ఏడాది పడుతుందేమో అనుకున్నా. నిన్న మధ్యాహ్నం ఫోనొచ్చింది, నా ముందాయన పోయారట, అందుకని ఈ కన్ను నాకట. కారణం చెప్పాలని చట్టంలో ఉందంటగా, చెప్పింది. అబద్ధమెందుకు, ముందు సంతోషపడ్డాను. సంచి సర్దుకుంటుంటే సిగ్గేసింది. ఎవరింట్లోనో ఏడుపులు, నా ఇంట్లో సంబరం. ఆయన భార్య ఎవరో, ఆవిడ నోట్లో ముద్దయినా పెట్టుకుందో లేదో అని రాత్రంతా అదే ఆలోచన.”

తాళాలమ్మకి పొద్దున తాను శుభ్రంగా రెండుసార్లు వడ్డించుకుని తిన్న సంగతి గుర్తొచ్చింది. ఇంతలో లోపలి నుంచి తన చీటీ నంబరు పిలిస్తే, బతుకు జీవుడా అని లేచింది.

జాబితా ఆఫీసరు నెమ్మదస్తుడు. ఫోన్లో సందేశం చూడగానే లేచి నిలబడి, “మీవారి విషయం చాలా బాధాకరం అమ్మా,” అన్నాడు.

“బాధేం లేదు బాబూ, మా ఆయన బతికే ఉన్నారు. ఈపాటికి కొట్లో ఎవరితోనో పేచీ పెట్టుకునుంటారు.”

ఆఫీసరు కూర్చుని కంప్యూటర్లో వెతికి నిన్నటి మాటలు వినిపించాడు. తన గొంతు తనకే కొత్తగా ఉంది. లేరండి. అవునండి, లేరు. పొద్దున్నించీ లేరండి. వెనకాల కుక్కరు. ఆఫీసరుకి నవ్వొచ్చినట్టుంది, ఆవిడ మొహం చూసి మింగేశాడు.

“మిషన్ అడిగినదానికి మీరు సరిగ్గానే చెప్పారు, మీరు చెప్పింది అది సరిగ్గానే రాసుకుంది. ఇప్పుడీ ఫారంలో తప్పెవరిదో రాయాలి. వ్యక్తిదా, యంత్రానిదా, నెట్‌వర్కుదా, ఇతరాలా అని నాలుగు గడులున్నాయి.” కాసేపు గడ్డం గోక్కుని ఇతరాలు అన్నచోట టిక్కు పెట్టాడు. “అసలు సంగతేంటంటే అమ్మా, నిన్న కన్ను వచ్చింది. రెండొచ్చాయి. ఒకటి మొదటి నంబరాయనకి, రెండోది మీవారికి. ఆ ఫోను సర్వే కాదు, అదే పిలుపు.”

కళ్ళు కాయలు కాచేలా మూడేళ్ళు ఎదురుచూసిన పిలుపు. దానికి తానిచ్చిన జవాబు అది.

“ఇంకా మించిపోలేదు,” అన్నాడు ఆఫీసరు. “పొరపాటున పేరు తీసేస్తే, ఆపరేషన్ మొదలయ్యేలోపు అభ్యంతరం చెప్తే, కన్ను అసలు మనిషికే ఇవ్వాలి. చట్టంలో ఉంది. మూడో నంబరావిడని ఇంటికి పంపించేస్తాం.”

“ఆవిడ మళ్ళీ జాబితా చివరికి పోతుందా?”

“లేదు లేదు, ఆవిడే తర్వాతి వంతు. ఇంకో కన్ను ఎప్పుడొస్తే అప్పుడు. నాలుగు నెలలు కావచ్చు, ఏడాది కావచ్చు.”

“పోనీ ఆవిడకే ఉంచేసి, మా ఆయన్ని తర్వాతి వంతులో పెట్టడానికి లేదా బాబూ?”

“లేదమ్మా. అభ్యంతరం చెప్పకపోతే మీవారి పేరు కొత్తగా చేర్చాలి, జాబితా చివర. యాభై మూడు. మధ్యలో ఇరికించే వీల్లేకుండానేగా ఇంత చట్టం చేసింది.” అభ్యంతరం కాగితం ఇటు తిప్పాడు. “కుటుంబ సభ్యులు సంతకం పెట్టినా చెల్లుతుంది. మీరు పెట్టేయండి.”

తాళాలమ్మ కలం తీసుకుంది. సంతకం పెడితే ఆయన వచ్చి కన్ను వేయించుకుంటాడు. బయట బెంచీ మీద ఒకావిడ ఉందని ఆయనకి జన్మలో తెలియదు. పెట్టకపోతే కన్ను వచ్చిన సంగతే తెలియదు, యాభై మూడంటే ఏవో నంబర్లు మారాయిలే అనుకుంటాడు. రెండిట్లో ఏది చదివినా నమ్ముతాడు. పరుపులంటేనే నమ్మాడు. నిన్న ఆయన బదులు ఒక్క మాట చెప్తేనే మనిషి లేకుండా పోయాడు. ఇప్పుడు మళ్ళీ ఆయన బదులు తనే చెప్తే ఆ మిషన్‌కీ తనకీ తేడా ఏముంది అనిపించింది.

కలం బల్ల మీద పెట్టేసింది. “ఆయన్ని తీసుకొస్తాను బాబూ. కన్ను ఆయనది, మాట కూడా ఆయనే చెప్పాలి.”

“మూడింటికల్లా ఇక్కడుండాలి మరి,” అన్నాడు ఆఫీసరు.

బయటికొచ్చేసరికి బెంచీ ఖాళీగా ఉంది. వంటావిడ ముద్ర వేయించుకుని పైకి వెళ్ళిపోయింది.

తాళాలాయన కొట్లో తుప్పుపట్టిన తాళాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఆడిస్తున్నాడు. ఆవిడ స్టూలు లాక్కుని కూర్చుని, సందేశం తీసి మొదటి నుంచి చివరిదాకా అక్షరం పొల్లుపోకుండా చదివింది. తర్వాత కుక్కరు సంగతి, ఫోను సంగతి చెప్పింది.

“పరుపులన్నావు?”

“పరుపుల్లేవు, ఏం లేవు. భయమేసి అలా అన్నాను.”

ఆయన నవ్వాడు, దగ్గొచ్చేదాకా నవ్వాడు. “ముప్ఫై ఏళ్ళబట్టీ నా మాటకి ఎదురు చెప్పనిదానివి, ఒక్క ముక్కతో నన్ను పంపించేశావు కదే.”

అప్పుడావిడ వంటావిడ సంగతి చెప్పింది. నీలం గౌను, నాలుగింటి ఆపరేషన్, ముద్ద పెట్టుకుందో లేదోనన్న మాట, యాభై మూడు, మూడింటి గడువు, అన్నీ. చెప్తున్నంతసేపూ ఆయన వేళ్ళు తాళం మీద కదల్లేదు.

“ఇదంతా నాకు చెప్పకుండా ఉండాల్సింది,” అన్నాడు చివరికి. “సంతకం పెట్టేసి రమ్మంటే వచ్చేవాణ్ణి. హాయిగా ఉండేది.”

“చెప్పకపోతే మీ బతుకు కూడా నేనే బతికేసినట్టవుతుందండీ.”

ఆయన మేకుకి వేలాడుతున్న గాట్లు పడని తాళంచెవి ఒకటి తడుముకుని తీసి, నున్నటి అంచు మీద బొటనవేలు పెట్టి రుద్దాడు. వీధిలో ఎవరో వెళ్తూ పలకరిస్తే వినిపించుకోలేదు. ఆవిడ మాత్రం ఇంకేం మాట్లాడలేదు. అలా ఊరుకోవడం ఆవిడకి అలవాటు లేని పని, చాలా కష్టమైంది.

“మంచివాణ్ణయితే ఆవిడకే ఉంచమనేవాణ్ణి,” అన్నాడాయన. “నేను అంత మంచివాణ్ణి కాదు. నాకు చూడాలని ఉందే. నా వంతు వచ్చింది, నాకు కావాలి. ఆ మాట పైకి అనడానికి సిగ్గుగానే ఉంది, కానీ కావాలి.” చెవిని మళ్ళీ మేకుకి తగిలించి, “నీ మొహం సరిగ్గా చూసి మూడేళ్ళయింది. ముసలిదానివై ఉంటావు,” అన్నాడు.

“మీరేమో పదహారేళ్ళ కుర్రాడు,” అందావిడ. ఆయన మాటకి తనకెంత సంతోషం వేసిందో తెలిసి ఆవిడకీ సిగ్గేసింది. ఇద్దరూ కలిసి కొట్టు తలుపు దించారు.

రెండున్నరకి ఆఫీసరు ముందున్నారు. బతికున్నట్టు రుజువు చేయడానికి ఒక చిన్న పెట్టెలోకి కన్ను పెట్టి చూడమన్నారు. మనిషిని కంటిపాప గుర్తుతో పోల్చుకుంటుందట. తాళాలాయన చూశాడు. పెట్టె ఎర్రగా వెలిగి, గుర్తింపు కుదరలేదంది. ఇంకో కన్ను పెట్టాడు. కుదరలేదంది.

“ఆ కళ్ళే బాగుంటే నేనిక్కడికి ఎందుకొస్తానయ్యా,” అన్నాడాయన.

ఆఫీసరు తల పట్టుకుని, వేలిముద్రలతో కానిచ్చాడు. మొత్తానికి తాళాలాయన మళ్ళీ బతికాడు. సంతకం తనే పెట్టాడు. ఆవిడ చోటు చూపించబోతే, తెలుసులే అని తడుముకుని పెట్టాడు. నర్సు వచ్చి పరీక్షలకి పైకి తీసుకెళ్ళబోతుంటే ఆగి, “ఆవిడకి నేను చెప్పాల్సింది,” అన్నాడు.

“మీరు వెళ్ళండి, నేను చెప్తాను,” అంది తాళాలమ్మ.

ఆయన వెళ్ళాక ఆఫీసరు కంప్యూటర్ వైపు తిరిగాడు. ఇక మీట నొక్కితే వంటావిడ ఫోనుకి మిషన్ మాట్లాడుతుంది. మీ పిలుపు రద్దయినది, అసౌకర్యానికి చింతిస్తున్నాం అని.

“బాబూ, దానితో చెప్పించకు. పది నిమిషాలు ఆగు.”

“ఎవరి కన్ను ఎవరికి వెళ్ళిందో ఒకరికొకరికి తెలియకూడదమ్మా. రూలు.”

“ఆవిడే పొద్దున నాకు చెప్పింది. నాకు ముందే తెలుసు.”

ఆఫీసరు కంప్యూటర్ వంక చూశాడు, గోడ గడియారం వంక చూశాడు. “మా సర్వరు ఒక్కోసారి పది నిమిషాలు కదలదు లెండి,” అని కుర్చీలో వెనక్కి వాలాడు.

రెండో అంతస్తులో కిటికీ పక్క మంచం మీద వంటావిడ కాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉంది. జుట్టు గట్టిగా జడవేసి గుడ్డ టోపీలోకి తోశారు. కుడి కనుబొమ మీద సిరాతో చిన్న గుర్తు పెట్టారు. తాళాలమ్మ మంచం అంచున కూర్చుని ఆవిడ చెయ్యి పట్టుకుంది. ఎలా మొదలుపెట్టాలో మెట్లెక్కుతున్నంతసేపూ అనుకుంది గానీ, తీరా వచ్చాక అవేవీ గుర్తు రాలేదు.

“రాత్రంతా మీరు తలుచుకున్నావిడని నేనే,” అంది. “మా ఆయన పోలేదు. ఫోన్లో అడిగితే ఇంట్లో లేరని నేను చెప్పాను, అది వేరేగా రాసుకుంది. ఆ కన్ను మాకు కావాలని ఇప్పుడే సంతకం పెట్టారు. ఈ రోజు మీకు ఆపరేషన్ లేదు. తప్పు నాది. మిమ్మల్ని క్షమించమనడానికి కూడా నాకు మొహం చెల్లడం లేదు.”

వంటావిడ గొంతు వచ్చినవైపు తిరిగింది.

“అంటే ఆయన బాగానే ఉన్నారా?” అంది.

“ఉన్నారు. పక్క గదిలో ఆయన కంట్లో చుక్కలమందు వేస్తున్నారు.”

“అలాగా,” అంది వంటావిడ. తల మీది టోపీ తీసేసింది. దాన్ని నాలుగు మడతలు పెట్టి మంచం మీద ఉంచి, చేత్తో సాఫు చేసింది. దిండు పక్కన తడిమి ఫోను తీసి ముందుకు చాపింది. “మా అమ్మాయికి కలిపిస్తారా? అంకెలు కనపడవు.”

తాళాలమ్మ నంబరు నొక్కి ఫోను ఆవిడ చెవి దగ్గర పెట్టింది.

“నేనేనే,” అంది వంటావిడ ఫోన్లో. “ఈ పూటకి నన్ను లెక్కలో వేసుకోలేదు కదా, ఒక గ్లాసు బియ్యం ఎక్కువ పొయ్యి. ఇంటికొచ్చేస్తున్నా. లేదు, కంగారు పడకు, నాకేం కాలేదు. ఆయన పోలేదట. అవును, ఊరికే అన్నారట. మంచిదే కదే, ఏడుస్తావెందుకు? రాళ్ళు మాత్రం నువ్వే ఏరాలి, నేనొచ్చి ఏరలేను.”